లెక్కకు రాని వానలు

నిజామాబాద్‌లో నేనుండే గది కిటికీ తెరిస్తే ఎండాకాలమంతా మార్కెట్ యార్డు నుంచి పసుపు వాసన వస్తుంది. ఎండిన పసుపు వాసనకు తుమ్ము వస్తుంది, తడిసిన పసుపు వాసనకు బాపు గుర్తొస్తాడు. ఈ ఏప్రిల్‌లో నేను ఒక్కసారి కూడా తుమ్మలేదు.

ఇందల్వాయి దగ్గర మా ఊళ్లో ఎండాకాలమంటే పసుపు ఉడికే కాలం. పెద్ద కడాయిల కింద మంట, ఆవిరితో పాటు ఊరినంతా కమ్ముకునే మట్టి వాసన, ఉడికిన కొమ్ములు పరిచిన కల్లంలో కాలు పెడితే చుర్రుమనే వేడి. ఉగాదికి అవ్వ (అమ్మను మేం అట్లాగే పిలుస్తాం, నాన్నను బాపు అని) చేసిన బచ్చాలు, అంటే బొబ్బట్లు, చేతిలో పట్టుకుని, ఏది బచ్చమో ఏది చెయ్యో తెలియనంత పచ్చగా మేం చిర్రగోనె అనే కర్రాబిళ్ల ఆట ఆడుతూ తిరిగేవాళ్లం. పసుపు పదిహేను రోజులు ఎండాలి. తొమ్మిది నెలలు భూమిలో ఓపిగ్గా ఉన్న పంట ఆ పదిహేను రోజులు మాత్రం ఆకాశం దయ మీద ఉండేది. ఆ సంగతి ఆకాశానికి ఎవరూ చెప్పలేదు.

చెప్పే అవసరం లేదని బాపు నమ్మకం. ఆయన దగ్గర క్యాలెండర్లు ఉండేవి, తలుపు వెనక మేకుకు ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి తగిలించినవి. రోజూ పొద్దుగూకే వేళ చెవి మీది పెన్సిల్ ముక్క తీసి, ఎండకు సున్నా, మరీ మండితే సున్నా చుట్టూ కిరణాలు, వానకు నిలువు గీతలు గీసేవాడు. నెలాఖరున పాతవన్నీ తిరగేసి, ఈ ఏప్రిల్ పోయిన ఏప్రిల్ కన్నా ఎంత మండిందో, మామూలుకు ఎంత తేడా వచ్చిందో ఊరందరికీ ప్రసాదంలా పంచేవాడు. అడగనివాళ్లకు ముందు.

నేను ఐదో తరగతిలో ఉన్న ఏడు, బాపు స్నేహితుడొకాయన, కోస్తా నుంచి వచ్చి బోధన్ దగ్గర స్థిరపడ్డ చెరకు రైతు, కొడుకు పెళ్లి పందిరికి మా తాడిపత్రి అడిగాడు. పసుపు మీద కప్పడానికి మాకున్న ఒకే ఒక్క పెద్ద టార్పాలిన్ అది. అడిగినాయనే మొహమాటపడ్డాడు.

"పసుపు కల్లంలో ఉంది గదండీ, వానొస్తే ఎట్టా?"

బాపు క్యాలెండర్లు ఒక్కొక్కటే ఎత్తి చూపించాడు. "సూడన్నా, ఏప్రిల్‌ల ఒక్క గీతన్న ఉన్నదా? బేఫికర్ తీస్కపో."

మూడో రోజు మధ్యాహ్నం రాళ్ల వాన పడింది. దుప్పట్లు, అవ్వ చీరలు, బియ్యం సంచులు, ఆఖరికి నా బడి సంచి కూడా పసుపు మీద కప్పాం. అవ్వ నులక మంచం తెచ్చి వేసింది; వాన దాంట్లోంచి జల్లెడ పట్టినట్టు మరింత సన్నగా కురిసింది. బాపు రెండు చేతులూ చాపి కల్లం మధ్యలో నిలబడ్డాడు. ఆయన వెడల్పు మేర పసుపు తడవలేదనే అనుకుంటాను. కల్లం నుంచి పచ్చటి నీళ్లు వాగులా పారుతుంటే నాకు ఎంతో అందంగా కనిపించింది. ఆ మాట పైకి అనకపోవడం నా బాల్యంలో నేను చేసిన కొద్దిపాటి తెలివైన పనుల్లో ఒకటి.

వాన ఆగాక మాత్రం నా నోరు ఊరుకోలేదు. "పోయినేడు గూడ రాళ్లు వడ్డయి గద బాపు. నేను గిలాసల ఏరుకొని తిన్న."

"గది కాలం గాని వాన. గదెందుకు రాస్తం?"

"అంతకు ముందటేడు?"

"గది గూడ గంతే."

అవ్వ తడిసిన చీర పిండుతూ, "నువ్వు రాయకుంటె అది పడుడు బందు జేస్తదా?" అంది.

పొద్దుగూకే వేళ బాపు ఆ రోజు గడిని కూడా ఖాళీగానే వదిలేశాడు. పసుపు నల్లబడి బూజు పట్టింది. మార్కెట్లో కొనేవాళ్లు దాన్ని వేలితో తాకి, వేలు తుడుచుకుని ముందుకు నడిచారు. తాడిపత్రి మాత్రం బోధన్ నుంచి మడత నలగకుండా తిరిగొచ్చింది. అక్కడ చుక్క కూడా పడలేదట.

ఇప్పుడు ఆ కడాయిలు లేవు, ఊరంతా కమ్ముకునే ఆవిరీ లేదు. యంత్రం వచ్చి గబగబా ఉడకబెట్టి పోతుంది. చిర్రగోనె ఎట్లా ఆడాలో చెబుదామన్నా వినేవాళ్లు లేరు. ఎండబెట్టడానికి మాత్రం ఇంకా ఎండే దిక్కు. తాడిపత్రులు నాలుగయ్యాయి, పెళ్లిళ్లకు ఇవ్వం. నా ఫోన్‌లో మార్చికి, ఏప్రిల్‌కు, మే నెలకు వేరువేరుగా పట్టిక వస్తుంది: మామూలు ఎండెంత, ఈసారి ఎంత, మామూలు వానెంత, ఈసారి ఎంత. కాసేపట్లో వాన పడుతుందని కూడా అది చెబుతుంది. వరుసగా పదిహేను రోజుల ఎండ ఎక్కడ దొరుకుతుందో చెప్పదు.

పోయిన ఆదివారం ఊరికి వెళ్లేసరికి తాడిపత్రుల మీద వాన దంచుతోంది, నీళ్లు కింది నుంచి తీరిగ్గా పసుపులోకి పోతున్నాయి. ముగ్గురం అరుగు మీద నిలబడి చూశాం. వేరే పనేమీ లేక బాపుకు ఆ పట్టిక చదివి వినిపించాను.

"మామూలంటే ఎట్ల దీసిండ్రు?"

"శాన ఏండ్లవి గలిపి సగటు దీసిండ్రు, బాపు."

"కాలం గాని వానలు గూడ గలిపిండ్రా?"

"అన్ని గలిపిండ్రు."

ఆయన లోపలికి వెళ్లాడు. తలుపు వెనక క్యాలెండర్‌లో ఏప్రిల్ సగం ఖాళీ గళ్లే. చెవి మీది పెన్సిల్ ముక్క తీసి ఆ రోజు గడిలో నిలువు గీతలు గీశాడు. కొంచెం ఆగి, నిన్నటి గడిలో గీశాడు. తర్వాత వెనక్కి పోతూ, "సోమారం వడ్డదా?" అని అవ్వను అడిగాడు.

"వడ్డది."

"శుక్కురారం?"

"పొద్దుందాక వడ్డది."

అట్లా మా ఇంట్లో మొట్టమొదటిసారి ఏప్రిల్‌లో వాన పడింది.