ఒకే పేరున్న ఫొటోలు

పక్కింట్లో నువ్వులూ వామూ కలిపిన పిండి నూనెలో వేగుతున్న వాసన వస్తే, నాకు సకినాలకంటే ముందు సుధాబెన్ గుర్తొస్తారు. పేరు వెనక అక్క అనే అర్థంలో ఆ బెన్‌ని సూరత్ తగిలించింది, మనిషి మాత్రం తెలుగే. ఆ ఊళ్లోనే ఆల్థాన్ పేటలో ఇంట్లోనే కూర్చుని చిన్న దుకాణాలకు వెబ్‌సైట్లు చేసిపెట్టేవారు. కరోనా రోజుల్లో నేను ఆవిడ దగ్గర కొత్తగా చేరాను. సైటులో ఏదైనా తేడా వస్తే నాకు తలనొప్పి, ఆవిడకు పొడుపుకథ.

అదే ఊళ్లో లింబాయత్ పేటలో మరమగ్గాలు ఆగిపోయాక, వాటి మీద పనిచేసే మల్లేశం, అతని భార్య పిండివంటలు చేసి అమ్మేవారు. ఇల్లు గడవడానికి మరో దారి లేదు. సైటు మేం చేసిచ్చాం, ఫొటోలు అతనే ఎక్కించేవాడు. కొనేది ఎక్కువగా గుజరాతీలు. సకినాలంటే ఏమిటో తెలియక బొమ్మ చూసి కొనేవారు. ఒకరోజు అతను వీడియో కాల్ చేశాడు.

"గిదేంది మేడం? మొన్న సకినాల ఫొటో పెట్టిన. నిన్న అరిసెలది పెడితే రెండు దిక్కుల అరిసెలే కనవడుతున్నయి. తీపి అనుకుని తీస్కున్నోళ్లు వాపస్ పంపుతున్నరు. గిట్లయితే బంద్ చేసుకునుడే."

మగ్గం ఆగినవాడికి ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు. నేను వెతికి చూశాను. రెండు ఫొటోల ఫైలు పేరూ ఒకటే. రెండోది వచ్చి మొదటిదాన్ని తుడిచేసింది. "ఎక్కించే ముందు పేరు మార్చుకోమంటే సరి," అన్నాను.

సుధాబెన్ వినిపించుకోలేదు. "వేర్వేరు రోజుల ఫొటోలకు ఒకే పేరెలా వస్తుందబ్బా?" అని గొణుక్కుని అతన్నే అడిగారు. "మల్లేశం గారూ, సైటులో పెట్టాక ఫోన్లో ఆ ఫొటోని ఏం చేస్తారు?"

"తీసేస్త మేడం. ఫోన్ల జాగ లేదు."

అదీ సంగతి. పాత ఫొటో పోగానే ఆ ఫోను మళ్లీ మొదటి నుంచి అంకెలు వేస్తోంది, కొత్తదానికి పాత పేరే ఇస్తోంది. నేనైతే అక్కడితో ఆగిపోయేవాణ్ని.

"ఫోనంతా దేంతో నిండింది?" అన్నారావిడ.

"బిడ్డ వీడియోలు మేడం. ఊర్ల మా అత్తకాడ ఉంది. రైళ్లు బందయినయి గద, పోరాదు. అవి మాత్రం తియ్య."

"తియ్యొద్దు. మీరేం మార్చుకోనక్కర్లేదు, మేమే మార్చుకుంటాం."

ఏ ఫొటో వచ్చినా సైటే దానికి కొత్త పేరు పెట్టుకునేలా ఆ సాయంత్రమే నాచేత మార్పించారు. మర్నాడు మల్లేశం మళ్లీ సకినాల ఫొటో ఎక్కించాడు. ఈసారి అరిసెలు అరిసెలుగా, సకినాలు సకినాలుగా కనిపించాయి. "ఏం చేసిన్రో గని మంచిగైంది మేడం," అన్నాడు. ఆవిడ ఏం చేశారో చెప్పలేదు, బిడ్డ పేరేమిటని అడిగారు. ఆవిడంటే నాకు ప్రాణమైపోయింది ఆ పూటే.

ఇప్పటికీ ఎవరైనా సైటులో ఫొటోలు సరిగా రావడం లేదని ఫోన్ చేస్తే, మీరిలా మార్చుకోండి అనే మాట నా నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని మింగి, మీ ఫోనంతా దేంతో నిండిందండీ అని అడుగుతాను.