హంస కడుపులో చుక్కలు

ఆ రోజుల్లో నేను అన్నిటికీ భయపడేదాన్ని. ఆ రోజులంటే మరీ పాతవేం కావు, చేతిలో స్మార్ట్‌ఫోనూ ఇంట్లో వైఫై ఉన్న రోజులే. ఫోన్ మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. కంప్యూటర్‌లో 'మీరు నిజంగానే ఈ పని చేయదలుచుకున్నారా?' అని చిన్న పెట్టె ఒకటి ప్రత్యక్షమైతే చాలు, చేయదలుచుకున్నానో లేదో నాకే అనుమానం వచ్చి, లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చేదాన్ని. వనపర్తిలో డిగ్రీ పూర్తయి, ఉద్యోగం రాక, నాన్న ఆరబోసిన వేరుశెనక్కాయల దగ్గర పిట్టల్ని తోలుతూ కూర్చున్న (పిట్టలకు కూడా నేనంటే భయం లేదు) నా నెత్తిమీద అప్పుడే ఒక పెద్ద బాధ్యత వచ్చి పడింది.

నాగర్‌కర్నూల్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పే ఒకాయన ఉండేవాడు. మేమంతా ఆయన్ని అన్న అనేవాళ్లం. చీర అంచు బొమ్మల్ని నేతగాళ్లు గళ్ల కాగితం మీద పెన్సిలుతో గీసుకుంటారు కదా, ఆ పనిని తెరమీద చేసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి ఆయన తయారుచేశాడు. ఓపెన్ సోర్స్. అంటే ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, తమకు తోచింది చేర్చొచ్చు. తోచింది చేర్చడంలో మనవాళ్లు ఎప్పుడూ వెనకాడరు. రంగులు మార్చేదొకటి, బొమ్మను అద్దంలోలాగా తిప్పేదొకటి, గళ్లు లెక్కపెట్టేదొకటి, ఇలా చూస్తుండగానే ముప్పై దాకా చేర్పులు, అంటే ప్లగిన్లు, పోగయ్యాయి. కొత్త బండి కొన్నప్పుడు షోరూములోనే కొన్ని సామాన్లు బిగించి ఇస్తారు, మిగతావి కావాలంటే మనమే వేయించుకోవాలి. అలాగే సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే ప్లగిన్లు ఏవో, ఎవరికి వాళ్లు తర్వాత ఇంటర్నెట్‌లోంచి దింపుకోవాల్సినవి ఏవో తేల్చాలి. ఆ తేల్చే పని అన్న నాకు అప్పగించాడు.

"నాతోని కాదన్నా, నాకు భయమైతది."

"గందుకే నీకిస్తున్న. భయపడేటోళ్లే పైలంగ చూస్తరు."

ఆ మాట అన్నందుకు ఆయన తర్వాత చాలా రోజులు చింతించాడు.

తర్వాత దింపుకోవచ్చు కదా, అంత భయమెందుకు అని మీరనొచ్చు. మీరు గద్వాల పెద్దనాయనను చూడలేదు. ఆయన నాకు చుట్టమేం కాదు, వయసునుబట్టి అలా పిలిచేదాన్ని. గ్రాఫు గీయడం, దాన్ని చూసి మగ్గానికి అట్టలు కొట్టడం (అట్టలోని బెజ్జాల్నిబట్టే ఏ దారం లేవాలో మగ్గానికి తెలుస్తుంది), నేయడం, మూడూ తెలిసిన మనిషి. కళ్లద్దాల పైనుంచి చూశాడంటే నాకు నా పేరు కూడా గుర్తుండేది కాదు. ఆయన వాడితే ఆ వీధంతా వాడుతుంది, వద్దంటే ఇక అంతే. మొదటిసారి పెన్‌డ్రైవ్ పట్టుకుని వెళ్లినప్పుడే ఆయన తెగేసి చెప్పాడు. "అది దింపుకో, ఇది దింపుకో అని నాకు చెప్పకు బిడ్డా. నువ్వేం పెట్టి ఇస్తవో గదే వాడుకుంట. నాకు గంతే తెలుసు." అంటే నేను పెట్టి ఇచ్చిందే ఆయనకు సాఫ్ట్‌వేర్. నేను తప్పు చేస్తే ఆ తప్పే ఆయనకు సాఫ్ట్‌వేర్.

రెండు వారాలు కూర్చుని ముప్పైలోంచి ఆరు ఏరాను. ఆ ఆరింటిలో నాకు ప్రాణమైనది 'దుమ్ము దులుపు' అనే ప్లగిన్. పెద్దనాయన తన పాత గ్రాఫుల్ని ఫోన్‌తో ఫోటోలు తీసి ఎక్కించేవాడు. వాటి నిండా పెన్సిలు పొడి, చాయ్ మరకలు, ఒకదానిమీదైతే చీమ కూడా ఉండేది. ఈ ప్లగిన్ ఒంటరిగా ఉన్న చుక్క ఎక్కడ కనిపించినా చుట్టూ ఉన్న గళ్ల రంగుతో పూడ్చేసి బొమ్మను అద్దంలా చేసేది. చేసేముందు మాత్రం 'ఈ చుక్కలు తీసేయమంటారా?' అని ఒక పెట్టె చూపించి అడిగేది. పెట్టెలంటే నాకెంత భయమో చెప్పాను కదా. నాకే ఇంత భయమైతే పాపం నేతగాళ్ల సంగతేమిటని జాలిపడి, ఆ పెట్టెను తీసేశాను. ఫైలు సేవ్ చేయగానే, ఎవరినీ అడగకుండా, చడీచప్పుడు లేకుండా చుక్కలు మాయమయ్యేలా ఏర్పాటు చేశాను. చేసి, ఎంత మంచిదాన్నో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

నెల తిరక్కుండానే ఒకరోజు పొద్దున పెద్దనాయన ఫోన్ చేశాడు. "నలభై ఏండ్ల సంది అందరికీ నేసిన బిడ్డా, ఇంటామెకు ఒక్క చీర నెయ్యలే. దసరాకు కట్టుకుంటదట. నీ సాఫ్ట్‌వేర్ల మా పాత హంసను రెండింతలు పెద్దగ చేసిన. అట్టలు కొట్టుడైంది. ఇయ్యాల మగ్గం మీద ఆడిస్తున్న." మా సాఫ్ట్‌వేర్‌తో గద్వాలలో నేస్తున్న మొట్టమొదటి చీర అది. సంతోషం పట్టలేక అమ్మ దగ్గరికి పరిగెత్తాను. అమ్మ పెట్టెలోంచి తన పెళ్లినాటి గద్వాల చీర తీసి మడతలు మారుస్తోంది. అంచులో హంస ఉంది. దగ్గరగా చూస్తే దాని కడుపు నిండా జరీ, ఆ జరీలో అక్కడక్కడా పూసల్లా సన్నని చుక్కలు.

"ఇవేందమ్మా, దుమ్మా?"

"దుమ్మేంది, నీ మొఖం. గవి జరీని పట్టుకునే కుట్లు. గవి లేకుంటే జరీ వదులుగ ఏలాడి గాజులకు తట్టుకుంటది. రెండుసార్లు కడితే చీర ఖరాబే."

మా ఇంట్లో మగ్గం ముఖం చూసినవాళ్లు ఎవరూ లేరు, అమ్మకు కట్టుకోవడంవల్ల తెలిసింది. నాకు ఆ మాత్రం కూడా తెలియదు. పెద్దనాయన గ్రాఫులో హంస కడుపులో ఉన్న చుక్కలన్నిటినీ నేను దుమ్మనుకుని దులిపేశాను. అది కూడా ఆయనకు తెలియకుండా.

ఆయనకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మగ్గం గుంటలో దిగితే ఆయన ఫోన్ గూట్లోనే ఉంటుంది. అన్నకు చేశాను. అంతా విని ఆయన "ఆ పెట్టెను ఎవరు తీసేసిండ్రు?" అనడిగాడు. "నేనేనన్నా" అన్నాను. ఆయన "జల్ది బస్సెక్కు" అన్నాడు.

వనపర్తి నుంచి గద్వాలకు బస్సులో మరీ దూరమేం కాదు. ఆరోజు మాత్రం పెబ్బేరు వచ్చేసరికే నాకు సగం ఆయుష్షు తీరిపోయింది. ల్యాప్‌టాప్ సంచిని ఒళ్లో పెట్టుకుని, చంటిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. నలభై ఏళ్లకు ఒక చీర. దసరా నాడు ఆ ఇంటామె, అంటే మా పెద్దమ్మ, గాజుకు జరీ తగులుకుని సర్రున రావడం కళ్లకు కట్టింది. ఆ వీధివాళ్లంతా మళ్లీ పెన్సిళ్లు చెక్కుకోవడం కనిపించింది. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే, పెద్దనాయన మా పెన్‌డ్రైవ్‌ను ఇదే నీళ్లలో విసిరేస్తాడని తోచింది (నన్ను కూడానేమో అని ఎర్రవల్లిలో తోచింది). ఆ ఒడ్డునే గుడిలో ఉన్న ఆంజనేయస్వామికి ఒక కొబ్బరికాయ మొక్కాను. వంతెన సగం దాటాక ఒకటి చాలదనిపించి మూడు చేశాను. పక్కన కూర్చున్న ఆమె నా ముఖం చూసి "ఎవరన్న దవాఖానల ఉన్నరా బిడ్డా?" అని నెమ్మదిగా అడిగింది. "మగ్గం మీద ఉన్నరమ్మా" అన్నాను. ఆమె ఇంకేం అడగలేదు.

వీధి మొగలోకి రాగానే మగ్గం చప్పుడు వినిపించింది. పై ప్రాణాలు పైనే పోయాయి. లోపలికి వెళ్లేసరికి జానెడు గుడ్డ అయింది. పెద్ద హంస మెరిసిపోతోంది. దాని కడుపు మీద జరీ పోగులు వదులుగా లేచి ఉన్నాయి. పెద్దనాయన పోగును అటూ ఇటూ విసిరే నాడె ఆపి కళ్లద్దాల పైనుంచి చూశాడు. దారిలో కూడబెట్టుకున్నదంతా ఒక్క గుక్కలో కక్కేశాను, దుమ్ము, చుక్కలు, పెట్టె, నా భయం, అంతా. చెప్పి ఏడుపు మొదలుపెట్టాను.

ఆయన అరవలేదు. తల వంచుకుని హంస మీద వేలు రాస్తూ కూర్చున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు. "చుక్కలు పోయినయని అట్టలు కొట్టేటప్పుడే చూసిన బిడ్డా."

"మరి నాకు ఫోన్ చెయ్యలేదేంది పెద్దనాయనా?"

"చదువుకున్న పిల్లవు, ఏదో తెలిసే తీసినవనుకున్న. కంప్యూటర్ల గిట్లనే ఉంటదేమో అనుకున్న. అడిగితే ముసలోనికి ఏం తెల్వదు అనుకుంటవని..." ఆగాడు. "భయమైంది."

నా ఏడుపు ఠక్కున ఆగిపోయింది. ఆయనకు భయం! నేనంటే! పిట్టలు కూడా లెక్కచేయని నన్ను చూసి, కోటంత మనిషి నోరు మెదపలేదు. వంటింట్లోంచి అంతా విన్న పెద్దమ్మ వచ్చి, తన గాజుల చేతిని ఆ హంస మీద పెట్టి ఒక్కసారి లాగింది. జరీ గాజుకు చిక్కుకుని సాగింది. "ఒకరికొకరు భయపడుకుంట కూసోండ్రి ఇద్దరు. మధ్యల నా చీర ఆగమాయె" అంది. అని, ఇద్దరికీ చాయ్ పెట్టింది.

నాలుగు రోజులు అక్కడే ఉన్నాను. 'దుమ్ము దులుపు'ను ఆపేసి, పెద్దనాయన పక్కన కూర్చుంటే ఆయన వేలు పెట్టి చూపించాడు, నేను ఒక్కొక్క చుక్కే పెట్టాను. ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెడితే హంసకు పుండులా కనబడుతుందో అప్పుడు తెలిసింది. ఆయన మళ్లీ అట్టలు కొట్టాడు. ఆ జానెడు గుడ్డను అలాగే వదిలేసి, కొంచెం ఎడం ఇచ్చి, చీర కొత్తగా మొదలుపెట్టాడు. తర్వాతి విడుదలలో ఆ ప్లగిన్‌ను ఆరింటిలోంచి తీసేశాను. కావాలని దింపుకున్నవాళ్లకైనా, అడిగే పెట్టె తిరిగి వచ్చింది. ఆ పెట్టెలో ఏం రాయాలో పెద్దనాయననే అడిగితే, "జర ఆగి చూడు, కుట్టా దుమ్మా?" అని రాయమన్నాడు. అలాగే రాశాం. అన్నకు అది చాలా నచ్చింది.

పెద్దమ్మ దసరాకు ఆ చీరే కట్టుకుంది. చీర కోసి దించినప్పుడు ఆ మొదటి జానెడు గుడ్డను ఆమె నా చేతిలో పెట్టి, "నీ హంసను నువ్వే పెట్టుకో" అంది. ఇప్పుడు నేను చేసే ఉద్యోగంలో కూడా వాడేవాళ్లకు ఏది అడక్కుండా ఇవ్వాలి, ఏది అడిగి ఇవ్వాలి అని తేల్చడమే పని. తేల్చేముందు సొరుగులోంచి ఆ గుడ్డ తీసి వేలు రాస్తాను. వదులు జరీ గోటికి తగులుతుంది. వెంటనే పెద్దనాయనకు ఫోన్ చేయాలనిపిస్తుంది, చేస్తాను కూడా. ఆయన ఇప్పుడు ఏమాత్రం భయపడడు, "మళ్ల ఏం తీసేసినవ్?" అని మొదటి మాటే అడుగుతాడు. నాకు మాత్రం భయం ఇంకా పోలేదు. ల్యాప్‌టాప్‌ను చంటిపిల్లలా పట్టుకుని, వంతెన మీద కొబ్బరికాయలు పెంచుకుంటూ పోయిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. ఆ మూడు కొబ్బరికాయలూ ఇంకా బాకీనే.