ఒక్క కాయ చూసి

చదువుకీ నాకూ విడాకులు ఏడో తరగతిలోనే అయిపోయాయి కాబట్టి, ఇంగ్లీషు మాట ఏదైనా వినబడితే పంపకాల్లో అది నా వాటాకు రాలేదని సరిపెట్టుకుంటాను. మొన్న బ్రాడీపేటలో మా అమ్మాయి ఇంటికి వెళ్తే, మనవరాలు జుట్టుకు ఎర్రరంగు వేయించుకొచ్చింది. నేను నోరు కూడా విప్పలేదు, ఊరికే చూశాను. "నన్ను జడ్జ్ చెయ్యకు తాతయ్యా" అంది. అంటే ఏమిటమ్మా అని అడిగితే, కాస్త చూసి మనిషి ఇంతేనని తేల్చెయ్యడమట.

ఆ మాటతో అద్దంకి దగ్గర మేము కౌలుకు చేసిన మిరప చేను గుర్తొచ్చింది. నాకు కొత్తగా పెళ్ళయిన రోజులవి. కౌలు ఇంకో ఏడు సాగాలంటే పొలం ఆసామి కల్లంలోకి వచ్చి, ఎండుతున్న కాయను చూసి, రైతు ఎలాంటివాడో అంచనా కట్టేవాడు. ఆ ఏడు కాయ కల్లంలో ఉండగానే వాన పడింది. మళ్ళీ ఎక్కడ కురుస్తుందోనని నాన్న తడికాయనే పోగుచేసి పరదా కప్పేశాడు. మబ్బు విడిచాక తీస్తే వేడి ఆవిరి ముఖానికి కొట్టింది. లోపల కాయంతా ఉడికి, మచ్చలు పడి, బూజు వాసన వేస్తోంది.

ఆసామి వచ్చాడు. ఒక కాయ తీసి విరిచాడు, వాసన చూశాడు, కింద పడేసి చేతులు దులుపుకున్నాడు. పొలం వేరేవాళ్ళకు ఇస్తున్నానని పోతూ పోతూ చెప్పాడు. నాన్న కూర్చుని, మచ్చపడ్డ తాలుకాయలు ఏరడం మొదలుపెడితే అమ్మా, నా భార్యా, నేనూ పక్కన కూర్చున్నాం. ఇంకా ఎందుకు ఏరుతున్నామని ఎవరూ అడగలేదు. చేతులు మండే ఉంటాయి, మండినట్టు గుర్తులేదు.

ఇప్పుడు తేమ చూడ్డానికి మిషన్లూ, దాచుకోవడానికి కోల్డ్ స్టోరేజీలూ వచ్చాయి. మనిషిని తేల్చెయ్యడం మాత్రం అప్పటికంటే తొందరగానే అయిపోతోంది. కాకపోతే ఈ పిల్లలు ముఖం మీదే వద్దని చెప్పగలుగుతున్నారు. మా తరంలో ఆ మాట మాకెవరికీ తోచలేదు. నేనూ ఆ సాయంత్రం కల్లం నుంచి ఇంటికి నడుస్తూ, అదీ ఆసామి వెళ్ళిపోయాక, ఒక్క కాయ చూసి ఇన్నేళ్ళ సేద్యాన్ని ఎట్లా తేలుస్తాడని నాన్న దగ్గర గొణిగాను.

నాన్న వెనక్కి తిరగకుండానే అన్నాడు: "పోయినేడూ ఒక్క కాయ చూసేగా మనకి పొలం ఉంచింది. అప్పుడు అడగలేదేరా?"