పడవ రాకముందే పలికిన పేరు

నా చిన్నప్పుడు మా అవ్వ మా తాత పేరు పలకగా ఒక్కసారే విన్నాను. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

మాది నెల్లూరు దగ్గర సముద్రపు ఒడ్డున చేపలు పట్టుకునేవాళ్ళ పల్లె. మొగుడి పేరు పెళ్ళాం నోట రాకూడదు. ఆయన వేటకు పోయిన రోజైతే మరీ కూడదు. పలికితే పడవ తిరిగి రాదని భయం.

అంతకుముందోసారి ఓటర్ల జాబితా రాసేవాళ్ళు వచ్చినప్పుడు అవ్వ చేపల తట్టతో తోటపల్లి గూడూరు పోయి ఉందట. మగవాళ్ళు 'ఫలానా వాడి పెళ్ళాం' అని రాయించి పంపేశారు. పేరు చెప్పని మనిషికి ఓటేమిటని పైవాళ్ళు కొట్టేశారు. ఓట్ల రోజున వరుసలో నిలబడ్డ అవ్వను వెనక్కి పంపితే, ఇంటికొచ్చి చేపలు ఎండేసుకుందట. ఆమె లోపల ఎంత మండిందో ఇంట్లో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు జాబితా రాసే గుమాస్తా మళ్ళీ వచ్చాడు. ఆ పొద్దు అవ్వ తట్ట ఎత్తలేదు. వాకిట్లో నిలబడి తన పేరు చెప్పింది. "మీ ఆయన పేరమ్మా?" అన్నాడు. అవ్వ నా వైపు చూసింది. నేను నోరు తెరిచేలోగా గుమాస్తా చెయ్యి అడ్డం పెట్టాడు.

"పోయినసారి ఒకరి బదులు ఒకరు చెప్పబట్టే ఇంత పని జరిగింది. నువ్వే చెప్పాల."

తాత అప్పుడు సముద్రం మీద ఉన్నాడు. అవ్వ చెప్పేసింది. గొణగలేదు, వీధంతా వినేట్టు చెప్పింది. గడపలో ఉన్న అవ్వ వాళ్ళత్త చేతిలోని చేట జారి కింద పడింది. తాతను అవ్వే చంపేసిందనుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె పెట్టిన కూడు కూడా ముట్టలేదు. నా మొండితనం ఇప్పటిది కాదు.

మధ్యాహ్నం నుంచి అవ్వ ఒడ్డునే కూర్చుంది. నా చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి వణుకుతూనే ఉంది. పడవలన్నీ వచ్చాయి, మాది రాలేదు. ఇరుగుపొరుగు ఒక్కరూ మా పక్కకు రాలేదు. పొద్దు గుంకే వేళకు, అందరికంటే ఆఖరున, మా తెరచాప కనబడింది.

ఎవరో ముందే పరిగెత్తి తాతకు సంగతి చేరవేశారు. కొడతాడేమోనని నేను అవ్వ కొంగు వెనక దాక్కున్నాను. తాత వల భుజాన వేసుకుని వచ్చి, అవ్వ ఎదుట నిలబడ్డాడు.

"నీ పేరు రాసుకోనుండాడా?" అని మాత్రం అడిగాడు.

"రాసుకున్నాడు" అని అవ్వ అక్కడే ఇసకలో కూలబడి ఏడ్చింది.

ఓటు ఎట్లా వేయాలో మాకు బడిలో చెప్పారు. దానికోసం మా అవ్వ ఏం ఒడ్డిందో ఏ పంతులూ చెప్పలేదు. ఇప్పుడు ఓట్ల రోజున మా కోడలు "ఎండగా ఉంది, ఈసారికి వద్దులే అత్తా" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. చెప్పులేసుకుని బయల్దేరతాను. వరుసలో నిలబడగానే, ఆ రోజు అవ్వ పట్టుకున్న చెయ్యి నాకు వణకడం మొదలవుతుంది.