నిమ్మతొక్క తగలని బిళ్ళ

నల్లబడ్డ చిల్లర చేతికొస్తే టీకొట్టు అత్తమ్మ నిమ్మతొక్కతో తోమి తళతళలాడించి గానీ గల్లాలో వేయదు. "గాలికీ చెమటకీ రంగు మారుతుందంతే. తోమితే విలువేమైనా పెరుగుతుందా?" అని టీ తాగేవాళ్ళు ఆటపట్టిస్తారు. "మరి మీరెందుకు మొహాలు కడుక్కుంటారు?" అంటుంది. గల్లా మూలనున్న ఒక్క బిళ్ళ జోలికి మాత్రం పోదు. అది మెకానిక్ భర్త పోయిననాడు ఆయన జేబులో దొరికింది. చేతులు కడుక్కోమని ఎంత పోరినా వినని ఆయన గ్రీజంతా దానిమీదే ఉంది. ఇవాళ కోడలు తెలియక దాన్నీ తోమబోయింది. అత్తమ్మ లాక్కునేసరికే ఒకవైపు మెరిసిపోయింది. సంగతి తెలిసి కోడలి మొహం వాడిపోయింది. అత్తమ్మ బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"పోనీలేవే. మీ మామయ్య ఇన్నాళ్ళకి ఒక చెయ్యి కడుక్కున్నారు."