కుడివైపు సీటు

దయ్యాలున్నాయనే వాళ్ళతో నేను ఎన్ని సభల్లో వాదించానో నాకే గుర్తులేదు. నందిగామలో బడిపంతులుగా చేరిన కొత్తలో పందెం కాసి, అమావాస్య నాడు శ్మశానంలో చాప వేసుకుని పడుకుని, తెల్లారి ఒంటినిండా దోమకాట్లతో తిరిగొచ్చినవాణ్ణి. సోదె చెప్పేవాళ్ళనీ, తాయెత్తులమ్మేవాళ్ళనీ నిలదీస్తూ వ్యాసాలు రాశాను. చచ్చినవాళ్ళు తిరిగి రారు. ఇది రాస్తున్న ఈ పూట కూడా నా అభిప్రాయం అదే. అది మారలేదు గనుకనే ఈ సంగతి రాయడం నాకు ఇంత కష్టంగా ఉంది.

ఇది చీకట్లో జరగలేదు. పట్టపగలు, ఎండ కాస్తుండగా, జగ్గయ్యపేట రోడ్డు మీద జరిగింది. నాకు నిద్రమత్తు లేదు, జ్వరం లేదు. నా రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి.

మా అన్నయ్య కోటయ్య జగ్గయ్యపేటలో ఉండేవాడు. యుద్ధం అయిపోయాక అమెరికా సైన్యం వదిలేసి పోయిన బండ్లను వేలం వేస్తే, అవి చేతులు మారి మారి బెజవాడ దాకా వచ్చాయి. అందులో ఒక దాన్ని అన్నయ్య కొన్నాడు. మొండి ముక్కు, ఎత్తు చక్రాలు, ముందు ఇద్దరు కూర్చునే చోటు, వెనక పొట్టి తొట్టి ఉండే పికప్పు బండి. ఊళ్ళో అందరూ దాన్ని ‘మిలిటరీ’ అనేవాళ్ళు. వానాకాలం ఎడ్లు కూలబడిపోయే నల్లరేగడి బాటల్లో కూడా అది పోయేది. మిరపకాయ బస్తాలూ, పత్తీ, పెసలూ దాంట్లో వేసుకుని అన్నయ్య నందిగామకు తోలేవాడు.

ఆ బండితో ఒక చిక్కుంది. దాని స్టీరింగు ఎడమవైపు. మన రోడ్ల మీద అలాంటి బండి తోలే మనిషి రోడ్డు అంచున కూర్చున్నట్టే. ముందు గడ్డిబండి అడ్డంగా పోతుంటే, దాని అవతల ఎదురుగా ఏం వస్తోందో అతనికి కనపడదు. కుడివైపు సీట్లో ఇంకో మనిషి కూర్చుని, తల బయట పెట్టి చూసి చెప్పాలి. ఆ పని మా వదిన చేసేది.

మా వదిన పేరు సుభద్ర. చిల్లకల్లు దగ్గర రోడ్డు నుంచి చీలే బండ్లబాట మీద ఉన్న పల్లె ఆమెది. చిన్నతనంలోనే మొదటి భర్త పోయాడు. అన్నయ్యతో జరిగిన పెళ్ళికి పురోహితుడు లేడు. నేనే నిలబడి ఉపన్యాసం చెప్పి దండలు మార్పించాను. ఆ రోజే ఆమె తండ్రి, కూతురు చచ్చిందని చెప్పి నూతి దగ్గర తలమీద నీళ్ళు పోసుకున్నాడని కబురు వచ్చింది. ఆ ఇంట్లో మళ్ళీ ఆమె పేరు ఎత్తకూడదన్నాడు.

ఆ బండి ఇంజను మోతలో పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. వదిన చెయ్యి బయటపెట్టి తలుపు రేకు మీద కొట్టి చెప్పేది. ఒక దెబ్బ కొడితే ఆపు, రెండు కొడితే పో. మొదటిరోజే గాజులన్నీ పగిలిపోయాయి. అప్పుడు అన్నయ్య, చక్రంలో అరిగిపోయిన బేరింగు ఒకటి తీసి, లోపలి గుండ్లు రాల్చేసి, దాని పైచుట్టును కిరసనాయిలుతో కడిగి ఆమె చేతికి తొడిగాడు. అతికినట్టు సరిపోయింది.

“అందరి మొగుళ్ళూ పెళ్ళాలకి బంగారం చేయిస్తారు. మీ అన్నయ్య బండి విప్పి పెట్టాడు మరిదీ,” అని నాకు చెయ్యి ఎత్తి చూపించింది. నవ్వుతూనే అంది గానీ ఇక ఎప్పుడూ దాన్ని తియ్యలేదు. ఆ గట్టి ఉక్కు రేకు మీద పడితే వచ్చే చప్పుడు ‘ఠంగ్’మని ఇంజను మోతను చీల్చుకుని వచ్చేది. కొట్టీ కొట్టీ తలుపు మీద అరచేతంత మేర రంగు పోయి సొట్ట పడింది.

మూడు దెబ్బలకు ఇంకో అర్థం ఉంది. నేను దిగుతాను, అని. అది ఒక్క చోటే కొట్టేది, వాళ్ళ ఊరి బాట చీలే దగ్గర. నందిగామ నుంచి తిరిగొచ్చే ప్రతిసారీ అక్కడ దిగి, బాట వంక చూస్తూ కాసేపు నిలబడేది. ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. మళ్ళీ ఎక్కేది. ఒకసారి తొట్టిలో బస్తాల మీద నేనూ ఉన్నాను. “ఎందుకు వదినా ఈ ఎండలో?” అన్నాను.

“మా నాన్న నీళ్ళు పోసుకున్నాడు గానీ మా అమ్మ పోసుకోలేదంట. బట్టలుతికే మంగమ్మ చెప్పింది. మా అమ్మ తల తడవలేదంట మరిదీ,” అంది. ఆ ఒక్క మాట మీద ఆమె ఏళ్ళ తరబడి అక్కడ దిగింది.

తర్వాత ఆమెకు కడుపులో గడ్డ లేచింది. బెజవాడ ఆసుపత్రికి ఆ బండిలోనే తీసుకెళ్ళాం. వెనక పరుపు వేస్తాం పడుకోమని అన్నయ్య బతిమాలాడు. “నేను పడుకుంటే ముందు చూసేదెవరు?” అంది. దారంతా ఒక చేత్తో కడుపు పట్టుకుని, రెండో చేత్తో రేకు కొడుతూనే ఉంది. ఆసుపత్రి నుంచి ఆమె తిరిగి రాలేదు. బెజవాడలోనే దహనం చేశాం. కడియం తియ్యడానికి అన్నయ్య ఒప్పుకోలేదు. బూడిదలో దొరికిన ఆ ఉక్కుచుట్టును అస్థికలతో పాటు నేనే, నా చేతులతో, కృష్ణలో వదిలాను. ఈ ముక్క పాఠకులు గుర్తుంచుకోవాలి.

ఆమె తండ్రికి మనిషిచేత కబురు పంపాం. ఆయన విని, తలూపి, లోపలికి పోయాడట.

ఆ తర్వాత కొద్దిరోజులకే బండి స్టీరింగ్ బాక్సు, అంటే స్టీరింగు తిప్పుడును చక్రాలకు అందించే ఇనుప పెట్టె, పగిలింది. అన్నయ్య అన్నం మానేసినా మానేశాడు గానీ ఆ పెట్టె కోసం తిరగడం మానలేదు. మైలవరంలో ఎవరో మిలిటరీ బండి తొట్టిని కోళ్ళగూడు చేశారంటే అక్కడికి పోయాడు. రెడ్డిగూడెంలో ఒక రైతు అలాంటి బండి ఇంజను పీకి బావి మీద పెట్టి నీళ్ళు తోడుతున్నాడంటే, మిగతా బండి ఏమైందో కనుక్కోవడానికి పోయాడు. బెజవాడ పాత ఇనుము కొట్లు, హైదరాబాదు, మద్రాసు, అన్నీ అయ్యాయి. పగిలిన పెట్టెను గోనెసంచిలో చుట్టి, బస్సులో పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని తిరిగేవాడు. ఎక్కడా ఎడమచేతి పెట్టె లేదు.

చివరికి నందిగామలో బండ్లు బాగుచేసే మస్తాన్ మిస్త్రీ, ఇంకో రకం మిలిటరీ బండిది, కుడివైపు పెట్టె సంపాదించాడు. కోసి, అతికి, స్టీరింగును కుడికి మార్చేస్తానన్నాడు. అన్నయ్య వద్దన్నాడు.

“కుడివైపు నేను కూర్చుంటే అదెక్కడ కూర్చుంటుందిరా?” అని నన్నడిగాడు.

“వదిన లేదన్నయ్యా.”

“లేదని నాకు తెలీదంట్రా? చోటుంది కదరా. అది తీసెయ్యమంటావేంటి?”

మిస్త్రీ కసురుకున్నాడు. “చోటు చోటంటే ఎట్టా కోటయ్యగారూ? నడవని బండిలో చోటుంటే ఎంత, లేకపోతే ఎంత? తుప్పుపట్టి పోద్ది. అమ్మగారు కూర్చున్న బండి కోళ్ళగూడు అవుద్ది. మీ ఇష్టం మరి.” కోళ్ళగూడు మాటకు అన్నయ్య మెత్తబడ్డాడు.

పని పూర్తయ్యిందంటే ఇద్దరం వెళ్ళాం. బండికి ఆకుపచ్చ రంగు కొత్తగా కొట్టి ఉంది. మిస్త్రీ మంచిపని చేశాననుకుని కుడి తలుపు మీద సొట్టను కూడా సాపు చేసి పెట్టాడు. రేకు అద్దంలా ఉంది. అన్నయ్య ఆ చోట అరచెయ్యి ఆన్చి చాలాసేపు నిలబడ్డాడు. కుడివైపు ఎక్కనన్నాడు. తన పాత చోట, ఎడమవైపు, ఇప్పుడు స్టీరింగు లేని చోట కూర్చుని, “నువ్వు తోలు తమ్ముడూ,” అన్నాడు. నాకు తోలడం ఆ బండి మీద ఆయనే నేర్పాడు.

వదిన కూర్చున్న చోట కూర్చుని నేను బండి తోలాను.

చిల్లకల్లు దగ్గరపడింది. రోడ్డు ఖాళీగా ఉంది. ఎదురుగా బండి లేదు, వెనక బండి లేదు. అప్పుడు నా కుడి మోచేతి పక్కన, తలుపు రేకుకు బయటివైపు, ఠంగ్, ఠంగ్, ఠంగ్ అని మూడు దెబ్బలు పడ్డాయి.

నా కాలు బ్రేకు తొక్కేసింది. నేను ఆలోచించి తొక్కలేదు. అన్నయ్య వంక తిరిగాను. నేను నోరు తెరవకముందే ఆయన, “మూడు,” అన్నాడు.

బండి ఆగింది ఆ బాట చీలే దగ్గర. రోడ్డు పక్క తాటిచెట్ల కింద ఒక ముసలమ్మ నిలబడి ఉంది. బోసి నుదురు. చేతిలో చిన్న గుడ్డమూట. ఆమె వెనక్కి తిరిగి పోబోతూ, బండి ఆగిన చప్పుడుకు మళ్ళీ ఇటు తిరిగింది. మెల్లగా నడిచి నేరుగా కుడి తలుపు దగ్గరకే వచ్చింది. నన్ను ఎగాదిగా చూసింది.

“అమ్మాయి కూర్చునే చోట నువ్వున్నావేంటి నాయనా?”

ఎవరో నాకు అప్పుడు అర్థమైంది.

ఆమె తనే చెప్పుకుపోతోంది. “రంగు మారిపోతే మీ బండి కాదనుకున్నా. పోయేదాన్నే. ఆగింది గాబట్టి వచ్చా. మా ఇంటాయన పోయాడు నాయనా, ఇంక నన్నాపే వాళ్ళెవరున్నారు? ఇన్నాళ్ళూ ఆ చెట్ల చాటునుంచే చూసుకునేదాన్ని, అది దిగి నిలబడితే. ఈమధ్య రావట్లేదేంటి అని అడిగితే, బండి చెడిపోయింది, సామాను దొరకట్లేదంట అన్నాడాయన. బాగయిందా? ఏదీ, అది రాలేదా?”

ఒకసారి చచ్చిందని నీళ్ళు పోసుకున్న మనిషి, నిజంగా చచ్చిననాడు మళ్ళీ పోసుకోవడానికి లేదు. మైల పట్టలేదు, ఏడుపు లేదు, ఇంట్లో ఏ గుర్తూ లేదు. ఆమె పేరెత్తితే ఆయనకు వచ్చే కోపం తెలిసి ఊళ్ళోవాళ్ళూ ఆ మాట ఎత్తలేదు. కూతురి చావు ఆ ఇంట్లోకి రావడానికి దారే లేకుండా పోయింది. పెళ్ళాంతో చెప్పలేక, ఆ ముసలాయన స్టీరింగ్ బాక్సు దొరకలేదని ఊరూరా తెలిసిన నిజాన్ని అడ్డం పెట్టుకున్నాడు.

అన్నయ్య బండి చుట్టూ తిరిగి వచ్చి ఆమె ఎదుట నిలబడ్డాడు. “అత్తయ్యా,” అన్నాడు. ఆమె ఆయన ముఖంలోకి చూసింది. చూసి, మూట పక్కన పెట్టి, రోడ్డు మీద కూర్చుండిపోయింది. కూర్చున్నచోటే తల ఎత్తి అడిగింది.

“అయితే ఇప్పుడు నేను పోసుకోవాలా నాయనా, నీళ్ళు?”

చావు స్నానాలు మూఢాచారమని నేను ఎన్ని పుటలు రాశానో!

“ఆ ఇంట్లో పోసుకోను,” అంది. “ఇక్కడే పొయ్యి. అది దిగి నిలబడ్డ చోటే పొయ్యి.”

రేడియేటరు కోసం వెనక డబ్బాలో నీళ్ళు ఎప్పుడూ ఉంటాయి. అన్నయ్య ఆ డబ్బా దింపాడు. నేను అడుగు పట్టుకున్నాను. ఇద్దరం కలిసి, ఆ ఎండలో, ఆ తల్లి తల తడిపాం.

అప్పుడు చూశాను తలుపును. మిస్త్రీ సాపు చేసిన చోట, కొత్త ఆకుపచ్చ రంగు మూడు చోట్ల పెచ్చులూడి, లోపలి రేకు తళతళలాడుతోంది. మూడూ పక్కపక్కనే. మూడూ నెలవంకల్లా వంపుగా ఉన్నాయి. నందిగామలో బండెక్కేటప్పుడు అవి లేవు. అన్నయ్య ఆ చోటే కదా చెయ్యి ఆన్చి నిలబడ్డాడు.

తర్వాత మస్తాన్ మిస్త్రీకి తీసుకెళ్ళి చూపించాను. దర్గాకు మొక్కకుండా పానా పట్టని మనిషి అతను. తలుపునూ చూశాడు, నన్నూ చూశాడు. “రాళ్ళు ఎగిరి తగిలుంటాయ్ లెండి మేష్టారూ. కొత్త రంగు గదా, పచ్చిగా ఉంటది,” అన్నాడు. నేను చెప్పాల్సిన మాట నామీద జాలిపడి అతను చెప్పాడు. చక్రం ఎగరేసిన రాయి తలుపు పైభాగానికి, బయటివైపు, ఒకే చోట, మూడుసార్లు ఎలా తగులుతుందని నేను అడగలేదు. అడిగితే అతను ఇంకో జవాబు చెబుతాడని భయపడ్డాను.

నా పద్ధతిలో నేను వెతికాను. అన్నయ్యా నేనూ ఒకే దుఃఖంలో ఉన్నాం, ఇద్దరికీ ఒకే భ్రమ కలిగిందనుకుందాం. ఆ మలుపు గుర్తుండి నా కాలు దానంతటదే బ్రేకు తొక్కిందనుకుందాం. రంగు పెచ్చులు వేరే కారణం వల్ల లేచాయనుకుందాం. ఒక్కోదానికి ఒక్కో సమాధానం ఉంది. అన్నీ ఆ ముసలమ్మ వెనుదిరిగిన ఆ క్షణంలోనే, ఆ చెట్ల దగ్గరే ఎందుకు కలిశాయో చెప్పే సమాధానం మాత్రం నాకు ఈనాటికీ దొరకలేదు.

ఆమె ఆ ఊరికి తిరిగి పోలేదు, చివరిదాకా అన్నయ్య దగ్గరే ఉంది. బండి ఆ తర్వాత కూడా నడిచింది. నేను చాలాసార్లు తోలాను, ఆ మలుపు దగ్గర కావాలనే నెమ్మది చేసి చెవులు రిక్కించాను. ఏ చప్పుడూ లేదు.

దయ్యాల్లేవని రేపు సభ పెడితే రేపూ చెబుతాను. ఆ రోజు మాత్రం రేడియేటరుకు చుక్క నీళ్ళు మిగల్లేదు. అన్నయ్య డబ్బా పట్టుకుని నీళ్ళకు పోయాడు. నేను మళ్ళీ స్టీరింగు ముందు ఎక్కి కూర్చున్నాను. ఆమె తడితలతోనే లేచి, ఖాళీగా ఉన్న ఎడమవైపు పోకుండా, నా తలుపు దగ్గరకే వచ్చింది. “కాసేపు లేస్తావా నాయనా?” అంది. నేను దిగి తలుపు పట్టుకున్నాను. ఆమె ఎక్కి కూర్చుని, తలుపు లాక్కుని, చెయ్యి బయటపెట్టి, ఎవరూ చెప్పకుండానే ఆ మూడు పెచ్చుల మీద తన అరచెయ్యి ఆన్చుకుంది.