పదో రాయి

“అక్కా, నీకు ఇంగ్లీషే రాదు. ఇంగ్లీషుల తప్పులెట్ల పట్టుకుంటవ్?”

కాగితాలు సరిచూసే పని తనకిమ్మన్న వీరలక్ష్మిని క్వాలిటీ ఆఫీసరు శ్రావణ్‌కుమార్ అడిగిన మాట ఇది. పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో పదకొండేళ్లుగా నిలబడి డబ్బాలు సర్దుతోంది. మోకాళ్లు అరిగాయి. మందు డబ్బాల్లో పెట్టే కాగితాలను సరిచూసే మనిషికి లైను చివర ఒక స్టూలు ఉంటుంది. ఆమెకు కావలసింది ఆ స్టూలు. చదువు మీద తపన, జ్ఞానదాహం లాంటివేమీ లేవు. కూర్చోవాలి, అంతే.

“మూడు నెలల టైమియ్యి సారూ,” అంది.

పోతిరెడ్డిపల్లిలో ఆమె కిరాయికుండే ఇంటి ఓనరు ఎల్సీ, మిషన్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన టీచరు. సంగతి వినగానే ముందు ఫీజు చెప్పింది. “నెలకు మూడు వందలు. పుణ్యానికి చెప్పిన చదువు పుణ్యానికే పోతది. పెరిగిన జీతం చేతికొచ్చినంక ఇయ్యి.” పాఠానికి ముందు మాత్రం ఉప్పు మూట వేడిచేసి వీరలక్ష్మి మోకాళ్ల మీద పెట్టేది. దానికి ఫీజు చెప్పలేదు.

అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు. కంప్యూటరు పోల్చలేక వదిలేసే తప్పులను పట్టడమే నేర్చుకోవాలి. రెండూ సరైన మాటలే, కానీ ఒకదాని చోట ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది.

“మూత వదులైతె లూజ్, నడుమ రెండు సున్నలు. పోగొట్టుకునుడు గూడ లూజే, గాని ఒక సున్న పోయింది. ఊపిరి బ్రెత్. ఊపిరి పీల్చుడు బ్రీద్, చివర ‘ఈ’ తగిలియ్యాలె.”

“గింత తేడాకు గింత పరేషానా టీచరమ్మా?”

“నీ పేరుల ఒక అక్షరం తీసేస్తె ఊకుంటవా?”

“జీతం సక్కగిస్తె ఊకుంట.”

జతలు కంఠతా వచ్చాయి. కాగితం వరుసగా చదవబోతే మాత్రం కన్ను తప్పు మీంచి జారిపోయేది. ఒకనాడు ఎల్సీ బియ్యం ఏరుతుంటే వీరలక్ష్మి చాట అందుకుంది. కాసేపటికి చేయి ఆపి అంది.

“రాళ్లేరేటప్పుడు ఇయ్యాల కూర ఏందని సూస్తమా? గింజ గింజే సూస్తం.”

మర్నాటి నుంచి పంక్తిని చివరి నుంచి మొదటికి, ఒక్కో మాట మీద వేలు పెట్టి చూడసాగింది. అనుమానం తగిలిన చోట ఆగి, అప్పుడే ముందు వెనక మాటలతో అర్థం పొసుగుతుందో లేదో చూసేది.

గడువు నిండాక శ్రావణ్‌కుమార్ ఒక కాగితం ఇచ్చాడు. “ఇందుల పది తప్పులున్నయి.”

అరగంటలో తొమ్మిది దొరికాయి. మళ్లీ తోక నుంచి తల దాకా వెతికింది. తొమ్మిదే. ఎదురుగా స్టూలు. ఏదో ఒక మాట కింద గీత గీస్తే పది అవుతుంది. పెన్ను ఎత్తి, దించేసింది.

“తొమ్మిదే సారూ.”

“పదన్న గదా.”

“అంతా ఏరిన. లేని రాయిని యాడికెల్లి తేవాలె?”

అతను నవ్వాడు. పెట్టింది తొమ్మిదే. ఆమెకు ముందు ఈ పరీక్షకు కూర్చున్న ముగ్గురు డిగ్రీలవాళ్లు పది చేయడానికి తలా ఒక మంచి మాటను తప్పని కొట్టేసి పోయారు.

ఇప్పుడు వీరలక్ష్మి కూర్చుని పనిచేస్తోంది. స్టూలుకు ఒక కాలు పొట్టి. దాని కింద మడిచిన కాగితం పెట్టుకుంది. ఉప్పు మూట వారానికొకసారి చాలుతోంది. జీతం పెంపు సంగతి అడిగితే, ఆమెను పనిలో పెట్టిన కాంట్రాక్టరు వచ్చే నెల అంటున్నాడు, నాలుగు నెలలుగా. ఎల్సీ టీచరుకు తొమ్మిది వందలు ఇంకా బాకీ.